పిండినల్లికి వాట్సాప్ మందు: పొగాకు, సర్ఫు, కిరోసిన్ కలిపి మిద్దె తోటలో కొట్టొచ్చా?

మందారమొక్క (కూకట్‌పల్లి)

అందరికీ నమస్తే. మాది చిన్న మిద్దె తోట. మందారం కొమ్మల చివర్లన్నీ తెల్లగా పిండి పూసినట్టు అయిపోయాయి. మొగ్గలు విచ్చకుండానే రాలిపోతున్నాయి. పక్క కుండీల్లో మిరప ఆకులు ముడుచుకుంటున్నాయి. బీర తీగ ఇప్పుడిప్పుడే పూతకొచ్చింది, దానికేమీ లేదు.

మా అపార్ట్‌మెంట్ గ్రూపులో ఒక మందు తిరుగుతోంది. లీటరు నీళ్లలో గుప్పెడు పొగాకు కాడలు మరిగించాలట. అందులో రెండు స్పూన్ల సర్ఫు, ఒక స్పూను వంట సోడా, మూతెడు కిరోసిన్, కొంచెం వేపనూనె కలిపి కొట్టాలట. "అన్నీ ఇంట్లోవే, కెమికల్ కాదు, ఒక్క దెబ్బకి పోతాయి" అంటున్నారు.

మా పాపకి రెండేళ్లు. పొద్దున్నే నాతో పాటు పైకొచ్చి టమాటాలు తెంపి అక్కడే తినేస్తుంది. అందుకే కొట్టకముందే అడుగుతున్నా. ఇది సేఫేనా?

పాతకాపు (ఒంగోలు)

అమ్మా, ముందు ఆ పొగాకు సంగతి మర్చిపో. మాది పొగాకు పండించిన ఇల్లు. మంచుకు తడిసిన ఆకు కోసిన రోజు కూలీలకు తల తిరగడం, వాంతులు కావడం మా వైపు అందరికీ తెలుసు. నికోటిన్ నోట్లోకి పోనక్కర్లేదు, తడి చర్మం గుండానే ఒంట్లోకి దిగుతుంది. కాడలు మరిగించావంటే దాన్ని నీళ్లలోకి లాగినట్టే. పంపు కారి చెయ్యి తడిసినా, గాలి ఎదురు తిరిగి ముఖాన పడినా అదే బాధ. రెండేళ్ల పిల్ల ఒంటికి ఎంత తక్కువైనా ఎక్కువే.

ఇంకోటి. టమాటా, మిరప, వంగ, పొగాకు అన్నీ ఒక్క కుటుంబం. పొగాకులో ఉండే మొజాయిక్ వైరస్ టమాటాకీ మిరపకీ అంటుకుంటుంది. పురుగు పోతుందో లేదో గానీ తెగులు మాత్రం మనమే తెచ్చి పెట్టినట్టవుతుంది. చుట్ట, బీడీ తాగేవాళ్లు సబ్బుతో చెయ్యి కడుక్కున్నాకే టమాటా నారు ముట్టుకోవాలని చెప్పేది ఇందుకే.

గోఆధారం (తెనాలి)

పాతకాపు గారూ, మీ అనుభవం మీద గౌరవం ఉంది కానీ ఒక మాట. అగ్నిఅస్త్రం అనే పురుగుల కషాయంలో పొగాకు పడుతుంది. ప్రకృతి వ్యవసాయం చేసే రైతులు ఎంతోమంది అది కొడుతున్నారు. మోనోక్రోటోఫాస్ లాంటి ఘాటు పురుగుమందులు కొట్టి ఆస్పత్రుల పాలైన రోజులతో పోలిస్తే ఇది ఎంతో నయం. ఇలా భయపెడితే జనం మళ్లీ కొట్టు మందుల దగ్గరికే పోతారు.

పాతకాపు (ఒంగోలు)

తమ్ముడూ, మోనోక్రోటోఫాస్ కంటే నయం అంటే మంచిదని అర్థం కాదుగా. పొలంలో ఎకరం దూరంలో నిలబడి కొట్టేవాడు వేరు. ఇక్కడ నాలుగు కుండీల మధ్య, పిట్టగోడ పక్కన, పైన ఆరేసిన బట్టలు, కింద పిల్ల. పిండినల్లికి పొగాకు దాకా పోవాల్సిన పనేముంది?

వేపచెట్టు కింద (అనంతపురం)

వ్యవసాయ శాఖలో పనిచేసి రిటైరయ్యాను. ఇద్దరూ చెప్పిందాంట్లో నిజముంది కానీ పొగాకు విషయంలో పాతకాపు గారి వైపే నేను. నికోటిన్ సల్ఫేట్ అనే పాత పురుగుమందును మన దేశంలో వాడకుండా నిషేధించారు, ఎగుమతికి మాత్రమే తయారు చేసుకోవచ్చు. అమెరికా సేంద్రియ ప్రమాణాల్లో కూడా, మొక్క నుంచి వచ్చిందే అయినా, పొగాకు పొడిని ఒప్పుకోరు. మొక్క నుంచి వచ్చినదాన్ని కూడా విషమని పక్కన పెట్టిన సందర్భం ఇది.

ఇక మిగతా సరుకు చూద్దాం.

సర్ఫు: బట్టల పొడిలో ఉండేది సబ్బు కాదు, డిటర్జెంటు. దానికి తోడు సోడా, తెల్లదనం తెచ్చే రసాయనాలు, సువాసన. ఆకు పైనున్న మైనం పొరను ఇవి తినేస్తాయి. రెండు స్పూన్లు లీటరుకి అంటే లేత ఆకుల అంచులు మాడడం దాదాపు ఖాయం. అది కారి కుండీలో చేరితే మట్టి కూడా పాడవుతుంది.

వంట సోడా: ఇది పురుగు మందు కాదు. బూడిద తెగులుకు కాస్త పనికొస్తుంది, అదీ తెగులు మొదట్లో. అందులోది సోడియం. నేలలో అయితే వానకు కొట్టుకుపోతుంది, కుండీలో పేరుకుంటుంది. పిండినల్లికి దీన్ని ఎందుకు కలిపారో నాకు అర్థం కాలేదు.

కిరోసిన్: పూర్వం సబ్బు ద్రావణంలో కిరోసిన్ చిలికి కొట్టడం ఉండేది, నిజమే. సరిగ్గా కలవకపోతే చుక్క పడ్డ చోటల్లా ఆకు కాలుతుంది. ఇంట్లో నిప్పు ప్రమాదం, పిల్లలు తాగే ప్రమాదం వేరే. ఇప్పుడు దాని అవసరం లేదు.

వేపనూనె: ఇదొక్కటే ఈ జాబితాలో పనికొచ్చేది. దానికీ "కొంచెం" అంటే కుదరదు, కొలత ఉండాలి.

అన్నిటికంటే పెద్ద చిక్కు ఏంటంటే, ఐదు కలిపి కొడితే రేపు మొక్క మాడినా, బాగుపడినా దేనివల్లో తెలియదు. ఒకసారికి ఒకటే.

మందారమొక్క (కూకట్‌పల్లి)

అమ్మో. అయితే అది వద్దు. వేపనూనె కొలత, కలిపే పద్ధతి చెప్పండి సార్. కుంకుడుకాయ రసం కలపొచ్చని ఎక్కడో చూశాను, నిజమేనా?

వేపచెట్టు కింద (అనంతపురం)

నిజమే అమ్మా, మంచిది కూడా. నూనె నీళ్లలో కలవదు కాబట్టి మధ్యలో ఏదో ఒకటి కావాలి. నాలుగైదు కుంకుడుకాయలు గింజ తీసి, రాత్రి ఒక గ్లాసు నీళ్లలో నానబెట్టి, పొద్దున పిసికి వడకట్టు. అది లేకపోతే సువాసనలు ఎక్కువ లేని లిక్విడ్ సబ్బు లీటరుకి 1–2 మిల్లీలీటర్లు చాలు. ఎక్కువ నురగ వస్తే ఎక్కువ పని చేస్తుందనుకోవద్దు.

లీటరుకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, అంటే సుమారు ఒక టీ స్పూను. ముందు నూనె, కుంకుడు రసం రెండూ చిన్న సీసాలో పోసి బాగా గిలకొట్టు. తర్వాత గోరువెచ్చని నీళ్లు కొంచెం కొంచెంగా పోస్తూ కలుపు. పాలలా తెల్లగా రావాలి. పైన నూనె తెట్టు తేలితే కొట్టొద్దు, మళ్లీ కలుపు. తేలే నూనె పడ్డ చోటే ఆకు కాలుతుంది. కొట్టేటప్పుడు కూడా మధ్యమధ్యలో సీసా ఊపుతూ ఉండాలి. ఎంత అవసరమో అంతే చేసి ఆరోజే వాడేయాలి, నీళ్లలో కలిశాక అజాడిరాక్టిన్, అంటే వేపలో పురుగు మీద పనిచేసే పదార్థం, త్వరగా విరిగిపోతుంది.

కొట్టులో కొనే వేప మందుల మీద 300, 1500, 10000 పిపిఎం అని రాసి ఉంటుంది. అది అజాడిరాక్టిన్ ఎంత ఉందో చెప్పే అంకె. లీటరుకి 5 మిల్లీలీటర్లు అని అందరూ చెప్పేది 1500 పిపిఎం మందుకి. 10000 పిపిఎం సీసా తెచ్చి అదే 5 పోస్తే లెక్క తప్పినట్టే. సీసా మీద ఏం రాస్తే అదే కొలత.

ఇంకో సంగతి, వేప పురుగును వెంటనే చంపదు. తినబుద్ధి కాకుండా చేస్తుంది, పొర విడిచి పెరగనివ్వదు. సాయంత్రం కొట్టి పొద్దున చూసి "పని చేయలేదు" అని డోసు పెంచేవాళ్లే ఎక్కువ. 7–10 రోజులకోసారి కొడుతూ చూడాలి.

బోరునీళ్లు (నల్గొండ)

సబ్బు గురించి ఒకటి కలుపుతా. మా దగ్గర బోరు నీళ్లలో సబ్బు నురగే రాదు, తెల్లగా విరిగి ముద్దలు కడుతుంది. ఆ నీళ్లలోనే స్ప్రే కలిపితే సబ్బులో సగం కాల్షియంతో పట్టేసుకుని చెత్తగా మిగిలిపోతుంది. పురుగు మీద పనిచేయదు, పైగా ముక్కుకి, అంటే పంపు నాజిల్‌కి, అడ్డం పడుతుంది. కుళాయిలో వచ్చే కృష్ణా నీళ్లో, వాన నీళ్లో, లేదంటే ఒక లీటరు ఫిల్టరు నీళ్లో వాడండి. కొట్టేది ఎంత గనక.

సబ్బు నీళ్లకి ఇంకో షరతు ఉంది. అది పురుగు ఒంటి మీద తడిగా తగలాలి. మైనం పొర కరిగి పురుగు ఎండిపోతుంది. ఆరిపోయాక సబ్బు ఏమీ చేయదు. కాబట్టి ఆకు పైన తడిపి వచ్చేస్తే ఉపయోగం లేదు, అడుగున తడవాలి.

తేనెపట్టు (మదనపల్లె)

అందరూ "సాయంత్రం కొట్టండి" అంటారు. ఎండలో కొడితే మాడుతుంది, వేప వెలుతురుకి విరిగిపోతుంది, తేనెటీగలు సాయంత్రానికి ఇంటికి పోతాయి. కారణాలన్నీ సరైనవే. కానీ మందారమొక్క గారూ, మీకు బీర ఉందన్నారు. బీర, సొర పూలు విచ్చేదే సాయంత్రం. గుమ్మడి, కాకర, దోస పొద్దున విచ్చుతాయి. సాయంత్రం ఐదింటికి మీరు బీర పక్కన పంపు పట్టుకుంటే సరిగ్గా పరాగసంపర్కం టైముకి పూల మీద నూనె చల్లినట్టు. తర్వాత పిందెలు పసుపుపచ్చగా మారి రాలిపోతున్నాయని ఇక్కడే ఇంకో పోస్టు పెడతారు.

బీర, సొర దగ్గర పనుంటే తెల్లవారుజామున, ఎండ తగలకముందే చేసుకోండి. పూల మీద అసలే వద్దు. అసలు బీరకి ఏమీ లేదంటున్నారుగా, దాని జోలికి పోకండి. "ముందు జాగ్రత్తగా" అని తోటంతా కొట్టే అలవాటు నాకు నచ్చదు.

మిరపముక్కు (ఖమ్మం)

మిరప ముడత గురించి ఎవరూ మాట్లాడలేదు. ఆకులు ఎటు ముడుచుకుంటున్నాయో చూడండి. అంచులు పైకి లేచి పడవలా ఉంటే పై ముడత, అది తామర పురుగు. కిందికి వంగి, ఆకు తొడిమ సాగినట్టుంటే కింది ముడత, అది నల్లి. ఆకులు చిన్నవై గుబురుగా, పసుపు మచ్చలతో ఉంటే వైరస్ కావచ్చు. వైరస్‌కి ఏ కషాయమూ లేదు. మొక్క పీకి కవర్లో కట్టి పారేయడమే.

తెల్ల కాగితం పట్టి కొమ్మని తట్టండి. సన్నటి గీతల్లాంటివి కదిలితే తామర పురుగులు. 2021–22లో మా జిల్లా మిరప రైతుల్ని నల్ల తామర పురుగు ఎలా ముంచిందో చూశాం. ఖరీదైన మందులే లొంగదీయలేదు. అది పూలలో దూరి ఉంటుంది. ఇంటి తోటలో అయితే వేపనూనె, నీలం జిగురు అట్టలు, ఎక్కువ పట్టిన పూలు తెంపి పడేయడం. తెల్లదోమకి పసుపు అట్టలు.

కింది ముడత అని తేలి గంధకం కొట్టాలనుకుంటే మాత్రం జాగ్రత్త. వేపనూనె కొట్టిన రెండు మూడు వారాల లోపు గంధకం కొట్టొద్దు, రెండూ కలిస్తే ఆకులు మాడతాయి. ఎండలు ముదిరాక గంధకం ఎలాగూ వద్దు.

డాలస్ దొండపాదు (టెక్సస్)

ఇక్కడ మన తెలుగువాళ్ల పెరళ్లలో కూడా ఇదే చర్చ, కాకపోతే పొగాకు బదులు వెనిగర్. వెనిగర్, ఉప్పు కలిపి కొడితే చచ్చేది మొక్కే, అది కలుపు మందు. దయచేసి కూరగాయల మీద వద్దు.

అమెరికాలో ఉన్నవాళ్ల కోసం ఒక విషయం. ఇక్కడ స్టోర్‌లో దొరికే చాలా వేపనూనె సీసాల మీద చిన్న అక్షరాల్లో "క్లారిఫైడ్ హైడ్రోఫోబిక్ ఎక్స్‌ట్రాక్ట్" అని ఉంటుంది. అంటే అజాడిరాక్టిన్ తీసేసిన నూనె. అది పురుగుకి ఊపిరాడకుండా చేసి చంపుతుంది, అంతే. కాబట్టి ఇండియాలో అమ్మ చెప్పిన ఫలితాన్ని దానినుంచి ఆశించకండి. గిన్నెలు తోమే లిక్విడ్ కూడా ఇక్కడ పురుగుమందుగా రిజిస్టరైంది కాదు. మొక్కల కోసమే చేసిన ఇన్‌సెక్టిసైడల్ సోప్ వేరేగా దొరుకుతుంది, అది పొటాషియం సబ్బు. ఇక్కడి చలికి వేపనూనె గడ్డకడుతుంది, గోరువెచ్చని నీళ్లలో సీసా పెట్టి కరిగించాలి గానీ స్టవ్ మీద పెట్టొద్దు.

గోఆధారం (తెనాలి)

సరే, పొగాకు మానేద్దాం. దశపర్ణి కషాయం ఎవరూ చెప్పలేదేం? వేప, కానుగ, సీతాఫలం, జిల్లేడు, ఉమ్మెత్త, ఆముదం, గన్నేరు, వావిలి, బొప్పాయి, తిప్పతీగ. గోమూత్రంలో మురగబెడితే దాన్ని మించింది లేదు. మా పొలంలో బాగా పనిచేస్తుంది.

రాత్రిడ్యూటీ (విశాఖ)

నేను ఆస్పత్రిలో నర్సుని. మొక్కల గురించి మీకంటే తక్కువ తెలుసు కానీ ఈ జాబితా చూసి రాయకుండా ఉండలేకపోయా. గోఆధారం గారూ, మీరు చెప్పిన పదిలో ఉమ్మెత్త ఉంది, గన్నేరు ఉంది, జిల్లేడు ఉంది. గన్నేరు గుండె మీద పనిచేసే విషం. ఉమ్మెత్త తింటే మతి తప్పుతుంది. జిల్లేడు పాలు కంట్లో పడితే నల్లగుడ్డు దెబ్బతింటుంది. సీతాఫలం గింజల పొడి పేలకని తలకు రాసుకుని, అది కళ్లలోకి కారి చూపు మీదికి తెచ్చుకున్నవాళ్ల సంగతి కంటి డాక్టర్లను అడిగితే చెబుతారు. పొలం గట్టు మీద డ్రమ్ములో చేసుకునేవాళ్లు చేసుకోండి. చిన్నపిల్లలున్న ఇంట్లో, బాల్కనీలో, పాత కూల్‌డ్రింక్ సీసాలో మాత్రం వద్దు.

ఆ సీసా విషయమే అసలు ప్రమాదం. తాగే నీళ్ల సీసాలో, కూల్‌డ్రింక్ సీసాలో ఏ మందూ పోయకండి. కిరోసిన్, వేపనూనె, కర్పూరం కలిపిన స్పిరిట్, అన్నీ అలాగే పిల్లల నోట్లోకి పోతాయి. వేపనూనె "మంచిదే కదా" అని మన పెద్దవాళ్లు కొందరు పసిపిల్లలకి పట్టేవారు. చిన్నపిల్లలకి అది వాంతులు, మగత, ఫిట్స్ దాకా తెస్తుంది. కర్పూరం కూడా అంతే, కొంచెం మింగినా ఫిట్స్ రావచ్చు.

ఎవరైనా మింగితే వాంతి చేయించకండి. ముఖ్యంగా కిరోసిన్, నూనెలు వాంతిలో ఊపిరితిత్తుల్లోకి పోతే ఇంకా కష్టం. ఉప్పు నీళ్లు, పాలు, నిమ్మరసం అని ప్రయోగాలు చేయకుండా 108కి ఫోన్ చేసి, సీసాతో సహా ఆస్పత్రికి తీసుకెళ్లండి. కంట్లో పడితే నలపకుండా పారే నీళ్లతో కనీసం 15 నిమిషాలు కడగాలి. ఒంటి మీద పడితే బట్టలు మార్చి సబ్బుతో కడుక్కోవాలి.

గోఆధారం (తెనాలి)

అమ్మా, దశపర్ణి ఇంట్లో చేయమని నేననలేదు, పొలం సంగతే చెప్పా. అయినా మీరు చెప్పింది ఒప్పుకుంటున్నా, మిద్దె మీద దానికి చోటు లేదు. నీమాస్త్రం వరకు పర్వాలేదంటారా? ఆవు మూత్రం, పేడ, వేపాకు మాత్రమే.

వేపచెట్టు కింద (అనంతపురం)

మందారానికి, గులాబీకి పర్వాలేదు. పాలకూర, కొత్తిమీర, పుదీనా మీద మాత్రం పచ్చి పేడ, మూత్రం కలిసింది చల్లొద్దు. కొత్తిమీర పచ్చడి పచ్చిదే తింటాం. పేడలో మన కడుపుకు పడని బాక్టీరియా ఉంటుంది, ఆకు మడతల్లో దాక్కుంటే కడిగినా పూర్తిగా పోదు.

పొలం అలవాటున్నవాళ్లకి వేప గింజల కషాయం చెబుతా, నాకు ఇష్టమైనది అదే. జూన్, జులైలో చెట్టు కింద రాలిన పళ్లు ఏరి, గుజ్జు కడిగి, నీడలో ఆరబెట్టుకోవాలి. పప్పు దంచి లీటరు నీళ్లకి 50 గ్రాములు, పలచటి గుడ్డలో మూట కట్టి రాత్రంతా నానబెట్టాలి. పొద్దున పాలలా తెల్లటి ద్రవం వచ్చేదాకా పిసికి, వడకట్టి, కొంచెం కుంకుడు రసం కలిపి అదేరోజు కొట్టాలి. రైతులు 5 శాతం కషాయం అనేది ఇదే. ఆకుల్లో ఉండేది గింజల్లో దానికంటే చాలా తక్కువ, అందుకే ఆకులు కుండలకొద్దీ మరిగించేవాళ్లకి ఆశించిన ఫలితం రాదు. మరిగిస్తే ఉన్నది కూడా తగ్గుతుంది. గింజలు రుబ్బడానికి వంటింటి మిక్సీ జార్ వాడొద్దు, ఎంత తోమినా మర్నాడు చట్నీ చేదే.

మందారమొక్క (కూకట్‌పల్లి)

ఇంత వివరంగా చెప్పినందుకు అందరికీ థాంక్స్. మిరపలో పై ముడతే, కాగితం మీద సన్నగా కదిలాయి. మందారం సంగతి ఇంకొంచెం చెప్పండి. పిండి మీద నల్ల చీమలు బాగా తిరుగుతున్నాయి. ఆ తెల్ల పురుగుల్లో కొన్ని పెద్దవి, చకచకా పాకుతున్నాయి. అవి ఆడవా?

బోరునీళ్లు (నల్గొండ)

ఆగండి ఆగండి, వాటిని చంపకండి! చకచకా పాకే పెద్దవి పిండినల్లిని తినే ఒకరకం అక్షింతల పురుగు పిల్లలు కావచ్చు. వాటి ఒంటి మీద కూడా తెల్లటి మైనం పోగులు వేలాడుతుంటాయి, చూడ్డానికి పిండినల్లిలాగే ఉంటాయి. పిండినల్లి బద్ధకంగా ఒకచోట అతుక్కుని ఉంటుంది. పుల్లతో కదిపి చూడండి, పరుగెత్తేది మన మనిషే. నూనె, సబ్బు వీటికి తేడా చూపించవు. తడిస్తే ఇవీ చస్తాయి.

పాతకాపు (ఒంగోలు)

చీమల్ని ఆపకుండా ఎన్నిసార్లు కొట్టినా దండగ. పిండినల్లి విసర్జించే తియ్యటి జిగురు కోసం చీమలు దాన్ని కాపలా కాస్తాయి, తినే పురుగుల్ని దగ్గరికి రానివ్వవు, ఒక కొమ్మ నుంచి ఇంకో కొమ్మకి మోస్తాయి కూడా. కుండీ కాళ్ల కింద నీళ్ల పళ్లేలు పెట్టు. దోమ గుడ్లు పెట్టకుండా రెండు రోజులకోసారి ఆ నీళ్లు మార్చు. కొమ్మ గోడకి గానీ, పక్క మొక్కకి గానీ తగలకుండా కత్తిరించు, లేకపోతే పళ్లెం పెట్టినా వంతెన వేసినట్టే.

బాగా పట్టిన చివర్లు కోసి సబ్బు నీళ్ల బకెట్లో ముంచు. వాటిని ఎండబెట్టి చెత్తలో వెయ్యి, కంపోస్టులో వద్దు. మిగిలిన కొమ్మలకి పైపుతో గట్టిగా నీళ్లు కొట్టు, కణుపుల దగ్గర పాత టూత్‌బ్రష్ పెట్టి రుద్దు. మందారానికి సగం జబ్బు ఇక్కడే పోతుంది. తర్వాతే వేపనూనె.

తులసికోట (రాజమండ్రి)

నాదొక చిన్న ప్రశ్న. కలరా ఉండలు పొడి చేసి కుండీ మట్టిలో కలిపితే చీమలు రావంటున్నారు. మా అత్తగారు గమాక్సిన్ పొడి గీత గీయమంటున్నారు. ఏది మంచిది?

రాత్రిడ్యూటీ (విశాఖ)

రెండూ వద్దక్కా. కలరా ఉండల్లో నాఫ్తలీన్ ఉంటుంది, పిల్లలు బిళ్లలనుకుని నోట్లో పెట్టుకుంటారు. జి6పిడి అనే ఎంజైమ్ లోపం ఉన్న పిల్లలకి దానివల్ల రక్తకణాలు పగిలిపోయే ప్రమాదం ఉంది, ఆ లోపం ఉన్నట్టు చాలామందికి తెలియదు కూడా.

వేపచెట్టు కింద (అనంతపురం)

గమాక్సిన్ అంటే లిండేన్ రకం మందు. 2013 నుంచి మన దేశంలో లిండేన్ వాడకమే నిషేధం. ఇంట్లో పాత డబ్బా ఉంటే ముట్టుకోకుండా, మూత తీయకుండా పక్కన పెట్టండి, డ్రైనేజీలో పోయొద్దు. బొద్దింకలకి గీసే సుద్దముక్కలు కూడా కృత్రిమ పురుగుమందే, సుద్ద కాదు. పిల్లలు బలపమనుకుంటారు. చీమలకి నీళ్ల పళ్లెం చాలు.

డాలస్ దొండపాదు (టెక్సస్)

బూడిద తెగులు గురించి అడగబోతున్నా. మా గుమ్మడి ఆకుల మీద తెల్లగా వచ్చింది. వంట సోడా కాకపోతే ఏం కొట్టాలి?

వేపచెట్టు కింద (అనంతపురం)

పాలు. ఒక వంతు పాలు, తొమ్మిది వంతుల నీళ్లు, వారానికోసారి, పొద్దున పూట. బ్రెజిల్‌లో 1999లో గుమ్మడి జాతి మొక్కల మీద దీన్ని పరీక్షించి బాగానే పనిచేస్తుందని చూపారు. మన రైతులు పుల్లటి మజ్జిగ లీటరు నీళ్లకి 100 మిల్లీలీటర్లు కలిపి కొడతారు, వెన్న తీసేసినదై ఉండాలి. వాసన వస్తుంది, పొరుగువాళ్లకి ముందే చెప్పుకోండి. బాగా ముదిరిన ఆకులు తీసేసి, మొక్కల మధ్య గాలి ఆడేలా చేశాకే ఇవి. మజ్జిగ గానీ వెల్లుల్లి కషాయం గానీ మూత బిగించి దాచొద్దు. పులిసి గ్యాస్ పుట్టి సీసా పేలుతుంది.

మందారమొక్క (కూకట్‌పల్లి)

చివరిగా రెండు డౌట్లు. మందారంతో పాటు టమాటా, మిరపలకీ కొట్టాక ఎన్ని రోజులకి కాయలు కోయొచ్చు? కొట్టే రోజు పాపని ఎంతసేపు దూరంగా ఉంచాలి?

వేపచెట్టు కింద (అనంతపురం)

కోయాల్సినవన్నీ ముందు కోసేసి తర్వాత కొట్టు. కొన్న మందైతే సీసా మీద కోతకు ముందు ఎన్ని రోజులు ఆగాలో రాసి ఉంటుంది. ఇంట్లో కలుపుకున్న వేపనూనెకి నేను నాలుగైదు రోజులు ఆగమంటాను, చేదు కూడా పోతుంది. ఆకుకూరల మీద అసలు కొట్టకపోవడమే మంచిది, తోటకూర పురుగులు చేత్తో ఏరుకోవచ్చు. కోశాక పారే నీళ్లలో కడగాలి. పాప చెట్టు మీది కాయే నోట్లో పెట్టుకుంటుంది అన్నావు కాబట్టి, ఆ నాలుగు రోజులు టమాటా కుండీలు అందనంత ఎత్తులో పెట్టు. తడి పూర్తిగా ఆరేదాకా, అంటే మర్నాటి వరకు పైకి తీసుకురాకు.

ముందు ఒక్క కొమ్మకి, అదీ నాలుగైదు ఆకులకి కొట్టి రెండు రోజులు చూడు. మాడకపోతేనే మిగతాది. వడలిన మొక్కకి, కొత్తగా నాటిన నారుకి కొట్టొద్దు. ముందురోజు సాయంత్రం మొక్కలకి నీళ్లు పెట్టి ఉంచు.

రాత్రిడ్యూటీ (విశాఖ)

కొట్టేటప్పుడు మాస్కు, కళ్లజోడు, గ్లౌజులు, పొడుగు చేతుల చొక్కా. గాలి వీపు వైపు నుంచి రావాలి. పచ్చిమిర్చి వెల్లుల్లి కషాయం చేసేవాళ్లకి ఇది ఇంకా అవసరం. దాన్ని వంటింట్లో తలుపులేసి మరిగిస్తే ఇల్లంతా దగ్గే, ఉబ్బసం ఉన్నవాళ్లుంటే ఆస్పత్రే. ఆరేసిన బట్టలు తీసేయండి.

తేనెపట్టు (మదనపల్లె)

నీళ్ల ట్యాంకు మూత వేసి ఉందో లేదో కూడా చూసుకోండి. చాలా మిద్దెల మీద అది సగం తెరిచే ఉంటుంది.

తులసికోట (రాజమండ్రి)

మాకు తామర తొట్టి ఉంది, దోమలు రాకుండా గప్పీ చేపలు వేశాం. పక్కనే గులాబీకి వేపనూనె కొట్టొచ్చా?

బోరునీళ్లు (నల్గొండ)

తొట్టిని కప్పి కొట్టండి, వీలైతే గులాబీ కుండీనే దూరంగా జరిపి కొట్టండి. వేపనూనె, సబ్బు, కుంకుడు రసం, మూడూ చేపలకి పడవు. కుంకుడులో నురగనిచ్చే సపోనిన్ చేపల మొప్పల్ని దెబ్బతీస్తుంది. పంపు కడిగిన నీళ్లు కూడా తొట్టిలో గానీ, ట్యాంకు పక్క కాలవలో గానీ పోయకుండా, ఖాళీ మట్టి మీద పలచగా పోయండి. ఆ పంపు మీద "మందు" అని మార్కర్‌తో రాసుకోండి, ఉత్త నీళ్లు చల్లడానికి ఇంకోటి విడిగా ఉంచుకోండి.